కుంచెకు కూడు పెట్టిన గోడలు

చిత్రకళ యొకటి, ఇంటికి రంగులు వేయు పని వేరొకటి అని నేటి లోకము తలంచుచున్నది. చిత్రకారునికి సభలో శాలువా కప్పుదురు; రంగులు వేయువానికి సాయంకాలము కూలి లెక్కగట్టి యిచ్చి పంపుదురు. అయినను చరిత్రను పరిశీలించినచో ఈ రెండు పనులును పలుమారులు ఒకే చేతిలో నడచినట్లు కనబడును. కళను నమ్ముకొన్నవాని కుటుంబమునకు గోడపని కూడు పెట్టినది. గోడపనిలో అబ్బిన నేర్పు తిరిగి కళకు అక్కరకు వచ్చినది.

పల్లెలో ఇంటికి తొలుత రంగులు దిద్దినవారు స్త్రీలు. పండుగ వచ్చుచున్నదనగా గోడలకు సున్నము, అరుగులకు ఎర్రమన్ను, గడపకు పసుపు, వాకిట ముగ్గు - ఇవన్నియు వారి పనియే. సున్నమునకు ఎంత నీరు పోసిన గోడను పట్టునో, ఎంత పలుచనైన రాలిపోవునో వారెరుగుదురు. ఈ విద్యకు బడి లేదు, బిరుదు లేదు. తల్లి చేతినుండి కూతురి చేతికి వచ్చుచుండెను.

కుంచెను కులవృత్తిగా చేపట్టినవారు నకాషీలు. నక్కాషు అనగా చిత్రములు వ్రాయువాడు. వీరి నెలవులలో పేరొందినది చేర్యాల. పూర్వము వరంగల్లు జిల్లాలోనిదైన ఆ యూరు నేడు సిద్దిపేట జిల్లాలో నున్నది. కులపురాణములు చెప్పు కథకులకు నకాషీలు పటములు వ్రాసి యిచ్చుచుండిరి. పద్మశాలీలకు మార్కండేయ పురాణము చెప్పు కూనపులివారును, ముదిరాజులకు కథ చెప్పు కాకిపడగలవారును, మాదిగలకు జాంబపురాణము చెప్పు డక్కలివారును పటములకై వీరి నాశ్రయించిరి. గజముల పొడవున సాగు పటమును కథకుడు మెల్లమెల్లగా విప్పుచు పాడుచుండ, అక్షరము రాని జనము బొమ్మలలో పురాణమును చదువుకొనిరి. హైదరాబాదులోని జగదీశ్, కమలా మిత్తల్ మ్యూజియమునందు 1625 ప్రాంతమునాటి తెలంగాణ పటమొకటి కలదు. ఈ కళ వయస్సు సుమారు నాలుగు వందల యేండ్లకు తక్కువ కాదనుటకు అది సాక్ష్యము.

పటము వ్రాయుటకు ముందు జరుగు పని నేటి రంగులవానికి కొత్తది కాదు. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల ముద్ద, బంక కలిపి పూతమీద పూత పూసి, ఆరనిచ్చి, నునుపు చేయుదురు. గోడకు లప్పము పెట్టి, ఉప్పు కాగితముతో రుద్ది, ప్రైమరు వేయుటయు ఇదే సూత్రము. అడుగు గట్టిగా లేనిదే పై రంగు నిలువదు. నకాషీలు పటములతోనే ఆగలేదు. పొణికి కర్రతో బొమ్మలు చేసిరి. రంపపు పొట్టును చింతగింజల ముద్దను కలిపి ముఖములు చేసి రంగులద్దిరి. గోదావరి కావల నిర్మలులో కొయ్యబొమ్మలును, పలకలపై చిత్రములును ప్రసిద్ధి కెక్కినవి. ఇరువదవ శతాబ్దమున ఆ చిత్రకారులు మోటారు బండ్లకు వేయు డ్యూకో రంగులను తమ చిత్రములకు వాడిరి. బజారు రంగు తాకిన కళ మైలపడునని వారు తలంపలేదు.

సినిమా, రేడియో, ఆపై టెలివిజను వచ్చిన వెనుక పటము చూచువారు తగ్గిరి. కథకులకు ఆదరణ సన్నగిల్లగా పటములు కొనువారు కరవైరి. చేర్యాలలో ధనాలకోటవారు మొదలగు కొద్ది కుటుంబములు మాత్రమే కుంచె విడువక నిలిచి, పొడవైన పటమును చిన్నచిన్న చిత్రములుగా కుదించి పట్టణపు ఇండ్లకు అమ్మసాగిరి. తక్కినవారు బ్రతుకుతెరువుకై ఇతర పనులకు మరలిరి.

పటములకు చెడ్డకాలము వచ్చిన ఆ దశాబ్దములలోనే, 2016లో పెద్దపల్లి జిల్లాగా ఏర్పడిన ఈ ప్రాంతమున కొత్త గోడలు లేచెను. 1960 తరువాత గోదావరిఖని బొగ్గు గనులతో పెరిగెను. రామగుండమున 1978లో శంకుస్థాపన జరిగిన తాప విద్యుత్కేంద్రములో 1983లో మొదటి యూనిట్ పనిచేయసాగెను. గని యున్నచోట కార్మికుల క్వార్టర్లు, క్వార్టర్ల చెంత అంగళ్లు. గనిముఖమున జాగ్రత్తలు చెప్పు బోర్డులకు, లారీ వెనుక అక్షరములకు, అంగడి పేరునకు, సంఘముల నినాదములకు కుంచె కావలసెను. సింగరేణిలో గుర్తింపు సంఘమునకు 1998లో మొదలైన ఎన్నికలును గోడవ్రాతకు పని కల్పించెను. బొమ్మ వేయ నేర్చినవానికి బోర్డు, గోడ, ఇల్లు ఈ మూడును కలిసి ఒక జీవనాధారమయ్యెను.

ఇది ఈ ప్రాంతమునకే చెల్లిన ముచ్చట కాదు. ఫ్రాన్సు దేశపు జార్జి బ్రాక్ (1882-1963) తండ్రియు, తాతయు ఇండ్లకు రంగులు వేయువారు. బ్రాక్ ఆ పనియే నేర్చి, రాత్రిబడిలో చిత్రలేఖనము చదివెను. పికాసోతో కూడి క్యూబిజమను నూతన మార్గమును తీసిన తరువాత, గోడపై కొయ్యచారలు దింపుటకు రంగులవారు వాడు దువ్వెనను 1912 ప్రాంతమున చిత్రములలోనికి తెచ్చెను. రాటర్‌డామున కళ నభ్యసించిన విలియం డి కూనింగు 1926లో అమెరికా చేరి, తొలుత ఇండ్లకు రంగులు వేసి పొట్ట పోసికొనెను. పిదప చవుకగా దొరకు ఇంటి రంగులతోనే పేరు తెచ్చిన చిత్రములు వ్రాసెను. మన దేశమున ఎం. ఎఫ్. హుస్సేను 1930 దశాబ్దమున బొంబాయిలో సినిమా బోర్డులు వ్రాసి బ్రతికెను.

అయితే గోడ పెట్టిన కూడు సుఖమైనది కాదు. నిచ్చెనపై నిలిచి చేయు పని. జారినచో కాలుచేతులకు ముప్పు. పాత రంగులలోని సీసము రుద్దినప్పుడు దుమ్మై లోపలికి పోవును. ఇంటి రంగులలో సీసము పదిలక్షల పాళ్లకు తొంబది పాళ్లు మించరాదని 2016లో చేసిన నియమము 2017 నవంబరు నుండి అమలులోనికి వచ్చెను. పాత గోడలపై నున్న పూత మాత్రము అట్లే యున్నది. 2000 తరువాత ఫ్లెక్సీ యంత్రము వచ్చి బోర్డు వ్రాతను మ్రింగివేసెను. అక్షరము తీర్చుటయే జీవితముగా గడపినవారికి ఇంటి గోడ యొక్కటే శరణ్యమయ్యెను. దానితో గురువు ప్రక్కన కూర్చుండి గీత నేర్చు శిష్యులును అరుదైరి.

బడి గోడపై భారతదేశ పటమును వ్రాసినదెవరు? గుడి ముంగిట హనుమంతుని తీర్చినదెవరు? పెక్కు గ్రామములలో ఈ ప్రశ్నకు బదులు లేదు. గోడ కట్టించిన దాత పేరు రాతిపై నుండును; దానికి రూపమిచ్చినవాని పేరు ఎచ్చటను ఉండదు. పుస్తకముపై రచయిత పేరుండుట న్యాయమైనచో, చిత్రము క్రింద దానిని వ్రాసినవాని పేరుండుటయు న్యాయమే. ఇందుకు వ్యయము లేదు, కుంచె మొన నంటిన రంగు చాలును. బొమ్మలు వేయు బాలుని చూచి, ఈ విద్య కూడు పెట్టునా అని పెద్దలు సందేహింతురు. పెట్టినదని చరిత్ర చెప్పుచున్నది. కూడుతోపాటు గౌరవమును చేర్చుట గ్రామము చేతిలోని పని.