క్యారేజీలో నిలిచిన వంట

ఉత్తరాంధ్ర ఇంటి వంట గురించి ఎవరు మాట్లాడినా కథ అమ్మమ్మ చేతి మహిమ దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. ఆ మహిమను తక్కువ చేయనక్కర్లేదు. కానీ ఏ వంట తరాలు దాటి మన దాకా వచ్చింది, ఏది దారిలో రాలిపోయింది అని అడిగితే దానికి చేతి మహిమ ఒక్కటే జవాబు చెప్పలేదు. ఆ లెక్క తేల్చినవి ముఖ్యంగా రెండని నా అభిప్రాయం: మనిషి చేసే పని, ఇంటికి దొరికే గింజ. ఈ మాట నిలుస్తుందో లేదో చూడాలంటే పల్లెటూరి పెరటికన్నా విశాఖ ఆటోనగర్ మేలైన చోటు. గాజువాకను ఆనుకున్న ఈ పారిశ్రామికవాడలో లారీ బాడీలు కట్టేవాళ్లు, లేతు మిషన్ల మీద నిలబడేవాళ్లు, రేకుల షెడ్లలో వెల్డింగ్ చేసేవాళ్లు ఉన్నారు. వీళ్లలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చినవాళ్లు, లేదా ఉక్కు కర్మాగారానికి భూములిచ్చిన ఊళ్లవాళ్లు.

పొలం వదిలి కూలికి పోవడం ఈ తీరానికి కొత్త కాదు. రెండో ప్రపంచయుద్ధానికి ముందు వేలాదిమంది ఓడలెక్కి బర్మాలోని రంగం (రంగూన్) వెళ్లి అక్కడి బియ్యం మిల్లుల్లో, రేవుల్లో పనిచేశారు. 1933లో విశాఖ రేవు తెరుచుకుంది. 1941లో ఓడల కర్మాగారానికి పునాది పడింది, 1957లో చమురుశుద్ధి కర్మాగారం వచ్చింది. 1966 నాటి ఉక్కు ఉద్యమం తర్వాత 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. అది జాతికి అంకితమైంది మాత్రం 1992లో. ఇలా పని మారుతూ వచ్చినా దాని ఒరవడి మాత్రం పెద్దగా మారలేదు. ఎండలో గట్టు మీద అయినా, రేకు కింద అయినా, పొద్దున్నే వండింది మధ్యాహ్నం దాకా పాడవకుండా నిలవాలి. చెమటోడ్చిన ఒంటికి ఉప్పు, పులుపు అందాలి. కొంచెం కూరతో ఎక్కువ అన్నం దిగాలి. చింతపండు పులుసులు, ఎండు నెత్తళ్లు వేసిన వంకాయ కూర, నువ్వుల పొడి, ఆవకాయ క్యారేజీలోకి చేరింది ఈ మూడు పరీక్షలకూ నిలిచాకే. ఆవ పెట్టే పద్ధతినే చూడండి. పనసపొట్టును ఉప్పు, పసుపు వేసి ఉడికించి, నీళ్లు గట్టిగా పిండేస్తారు. పోపులో వేసి చింతపండు గుజ్జు కలుపుతారు. కూర దించి వేడి తగ్గాకే నూరిన ఆవముద్ద కలపాలి. పొయ్యి మీద ఉండగా కలిపితే ఘాటు పోయి చేదు మిగులుతుంది. నీరు పిండడం, పులుపు, నూనె, ఆవ అన్నీ కలిసి కూరను నిలవ ఉంచుతాయి, కొన్ని గంటలు ఊరాక దాని రుచి ఇంకా పెరుగుతుంది. ఫ్రిజ్ లేని ఇంట్లో, మండే ఎండల్లో ఇంతకన్నా ఆలోచించి కట్టిన కూర నాకు కనిపించదు.

ఇక రాలిపోయినవి. ఇక్కడివాళ్లు చోళ్లనే రాగులు, గంట్లనే సజ్జలు ఒకప్పుడు మెట్ట పల్లెల్లో కష్టజీవుల ప్రధాన ఆహారం. చోడిపిండిని రాత్రి పులియబెట్టి, పొద్దున నూకలతో ఉడికించి, చల్లారాక మజ్జిగ కలిపిన అంబలే పొలానికి వెళ్లేది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చాక పేదింట్లో కూడా రోజూ తెల్లన్నం ఉడికింది. అంటే తాతలనాటి భోజనమని మనం మురిసే క్యారేజీలో పులుసు పాతదే గానీ, దాని కింద ఉన్న తెల్లన్నపు గిన్నె చాలా ఇళ్లలో నిన్నమొన్నటిది. వంశధార, నాగావళి కింద వరి ఎప్పటినుంచో పండలేదా అని అడగవచ్చు. పండింది, నిజమే. గంజి, అన్నం నీళ్లు రోజూ పోస్తూ, పూర్తిగా ఎన్నడూ ఖాళీ చేయకుండా పులియబెట్టే తరవాణి కుండ వరన్నం తినే ఇళ్లదే. కానీ పండించడం వేరు, తినడం వేరు. కౌలు, అప్పు తీరాక పేద రైతు గాదెలో వడ్లు పండుగకు మిగిలితే గొప్ప.

ఇంకో అభ్యంతరం ఇంతకన్నా బలమైనది. ఉత్తరాంధ్ర ఇంటి వంట అంటూ ఒక్కటి ఎక్కడుంది? పనసపొట్టు పెట్టే విస్తరి వేరు, ఎండుచేప కాలే పొయ్యి వేరు. కులం వంటింటిని గట్టిగానే విడదీసింది, దాన్ని దాచి అందరి వారసత్వం అనడం న్యాయం కాదు. అయినా ఆ విడివిడి వంటిళ్లలోనూ నిలిచిన వాటికి కారణాలు అవే: నిలవ ఉండటం, తక్కువతో ఎక్కువ తినిపించడం. మరి వీటన్నిటినీ కాపాడింది ఆడవాళ్లు కాదా అంటే, కాపాడింది వాళ్లే, వద్దనుకున్నదీ వాళ్లే. అంబలి గిన్నె వెనక తెల్లవారుజామున తిరగలి తిప్పిన చేతులున్నాయి, వరన్నం వెనక రోకలి పోట్లున్నాయి. మిల్లు బియ్యం రాగానే తిరగలిని మూలన పెట్టిన ఇల్లాలిని సంప్రదాయం మరిచిందని నిందించడం నాకు అన్యాయంగా తోస్తుంది. తన నడుము నొప్పి సంగతి ఆమెకే బాగా తెలుసు.

అలా రాలిపోయిన చోళ్లు, గంట్ల వంటి చిరుధాన్యాల సంవత్సరంగా ఐక్యరాజ్యసమితి 2023ను ప్రకటించింది. ఎండాకాలం విశాఖ రోడ్ల మీద అంబలి బండ్లు కనిపిస్తాయి. పిండి మరలో ఆడి వస్తోంది, తాగేవాడు ఎండలో పనిచేస్తున్నాడు. గింజా, పనీ మళ్లీ కలిశాయి కాబట్టే అంబలి తిరిగొచ్చిందని నేను నమ్ముతున్నాను. తరవాణి మాత్రం అలా రాలేదు. రాత్రి మిగిలిన అన్నాన్ని ఫ్రిజ్ దాస్తోంది, రోజూ గంజి వార్చే ఇళ్లు కుక్కర్ వచ్చాక తగ్గిపోయాయి. గంజే లేని ఇంట్లో ఆ కుండలో పోయడానికి ఏమీ ఉండదు.