మలుపులో బ్రేకు: ఒక నిబంధన చరిత్ర

మలుపు తిరుగుతున్న లారీకి అడ్డంగా ఏదైనా వస్తే డ్రైవరు బ్రేకు గట్టిగా తొక్కుతాడు. బండి తన వరుస దాటకుండా ఆగాలి. చెప్పడానికి ఇంతే. కాని దీన్ని నిబంధనగా రాసి, పరీక్ష పెట్టి, నిలబెట్టడానికి అమెరికా ప్రభుత్వానికి పాతికేళ్లు పట్టింది. ఫైళ్ల మధ్య జీవితం గడిపిన మనబోటివారు తెలుసుకోదగిన చరిత్ర ఇది.

ముందు విషయం చూద్దాం. టైరుకు రోడ్డు మీద ఉండే పట్టు మన జీతంలాగే పరిమితం. అద్దెకు పోగా మిగిలినదే వెచ్చాలకు. మలుపుకు పోగా మిగిలినదే బ్రేకుకు. చక్రం బిగుసుకుని జారితే పక్కకు పోకుండా ఆపే పట్టు దాదాపు పోతుంది. ముందు చక్రాలు బిగిస్తే స్టీరింగు ఎంత తిప్పినా బండి తిన్నగానే పోతుంది. ట్రైలరును లాగే ముందుబండి వెనుక చక్రాలు బిగిస్తే మొత్తం చాకులా మడతపడుతుంది. ట్రైలరు చక్రాలు బిగిస్తే అది ఎదుటి వరుసలోకి ఊగుతుంది.

అమెరికాలో గాలి బ్రేకుల వాహనాలకు 121వ నంబరు భద్రతా ప్రమాణాన్ని 1971లో ప్రకటించారు. అది 1975లో అమలుకు వచ్చింది. చక్రాలు బిగుసుకోకుండా నిర్ణీత దూరంలో ఆగాలన్నారు. ఇందుకు అమర్చిన ఆనాటి ఎలక్ట్రానిక్ పరికరాలు తరచు మొరాయించాయి. తయారీదారులు కోర్టుకు వెళ్లారు. ఆ ప్రమాణం అమలుకు వచ్చేనాటికి ఆచరణ సాధ్యం కాదని 1978లో అప్పీలు కోర్టు ఆ అంశాలను కొట్టివేసింది.

ఆ తీర్పుతో దస్త్రం మూతపడలేదు. పరికరాలు మెరుగయ్యాక, వాటిని రోడ్ల మీద తిరిగే లారీలకు అమర్చి చూశాక, 1995లో ప్రమాణాన్ని మళ్లీ జారీ చేశారు. ఏబీఎస్ ముందుబండ్లకు 1997 నుంచి, ట్రైలర్లకు, మిగతా లారీలకు, బస్సులకు 1998 నుంచి తప్పనిసరి అయింది. దానితోపాటే మలుపు పరీక్ష వచ్చింది.

ఆ పరీక్ష ఇలా ఉంటుంది. 500 అడుగుల వ్యాసార్ధం గల వంపు, 12 అడుగుల వెడల్పు వరుస, తడిసి జారే ఉపరితలం. ముందుగా బ్రేకు వేయకుండా ఆ వంపులో ఎంత వేగంతో పోగలదో చూస్తారు. అందులో 75 శాతం గాని, గంటకు 30 మైళ్లు గాని, ఏది తక్కువైతే ఆ వేగంతో వచ్చి బ్రేకు పూర్తిగా తొక్కుతారు. నాలుగుసార్లలో మూడుసార్లయినా బండి వరుస దాటకుండా ఆగాలి. బరువుతోను, బరువు లేకుండాను చూస్తారు. ఖాళీ బండి చక్రాలు త్వరగా బిగుసుకుంటాయి గనుక రెండూ అవసరమే. మొదట ముందుబండ్లకే ఉన్న ఈ పరీక్షను 2003 నాటి ఉత్తర్వుతో విడి లారీలకు, బస్సులకు విస్తరించారు.

మన దేశంలోనూ 2015లో కొత్త భారీ వాహనాలకు ఏబీఎస్ తప్పనిసరి చేశారు. అయినా ఏ పరికరమూ అధిక భారాన్ని, అతివేగాన్ని మాఫీ చేయదు. 2018 సెప్టెంబరులో కొండగట్టు ఘాట్‌లో కిక్కిరిసిన బస్సు లోయలో పడి అరవైమందికి పైగా మరణించడం మనం మరువలేము.

నిబంధన రాయగానే పని పూర్తి కాదు. అది ఆచరణలో నిలుస్తుందో లేదో పరీక్షించి చూడాలి, తప్పితే సవరించాలి. యాత్రలకు బస్సు మాట్లాడుకునే మన సభ్యులు కూడా సీట్లకు మించి ఎక్కించవద్దని, బ్రేకులు చూపించి రమ్మని ముందే అడగడం మంచిది.