ఇంటి పోర్ట్రెయిట్‌కు లైటింగ్ పరికరాలు

ఇంట్లో పోర్ట్రెయిట్ ఫొటోలు తీయడం మొదలుపెట్టేవారికి కనీసంగా కావలసినవి నాలుగు: ఒక లైటు, గట్టి స్టాండు, వెలుగును మెత్తబరిచే సాఫ్ట్‌బాక్స్ లేదా గొడుగు, ఒక రిఫ్లెక్టర్. రెండో లైటు కొనడం తర్వాతి మాట.

లైటు: ఎల్‌ఈడీ నిరంతరం వెలుగుతుంది కనుక ముఖంపై నీడ ఎక్కడ పడుతోందో ముందే కనిపిస్తుంది, నేర్చుకునేవారికి ఇదే అనువు. రంగుల కచ్చితత్వాన్ని తెలిపే సీఆర్‌ఐ 95 లేదా అంతకు మించి ఉండాలి. తక్కువైతే చర్మం రంగు పాలిపోయినట్టు రావచ్చు. స్పీడ్‌లైట్ ఫ్లాష్ క్షణకాలమే వెలిగినా బలమైనది; కదలకుండా ఉండలేని పిల్లల ఫొటోలు కూడా స్పష్టంగా వస్తాయి. దాన్ని కెమెరాకు దూరంగా పెట్టి వాడడానికి సాధారణంగా వైర్‌లెస్ ట్రిగ్గర్ కావాలి.

సాఫ్ట్‌బాక్స్: పెద్దదై, ముఖానికి దగ్గరగా ఉన్నకొద్దీ నీడల అంచులు మెత్తబడతాయి. మామూలు గదికి 60–90 సెంటీమీటర్లది చాలు.

అమరిక: లైటును ముఖానికి 45 డిగ్రీల పక్కగా, కంటి మట్టానికి కాస్త పైన ఉంచాలి. రెండో వైపు తెల్ల థర్మోకోల్ షీటు నిలిపితే నీడ పలచబడుతుంది. ఈ షీటే రిఫ్లెక్టర్‌గా పనిచేస్తుంది కనుక దాన్ని విడిగా కొననక్కర్లేదు. నీడవైపు చెంపపై చిన్న త్రికోణంలా వెలుగు పడితే దాన్ని రెంబ్రాంట్ లైటింగ్ అంటారు. గదిలోని ట్యూబ్‌లైట్లు ఆర్పితే రంగులు కలగాపులగం కావు.