ఇనుముకు లొంగని రక్తహీనత



రక్తహీనత అనగానే మనకు ఇనుము లోపమే స్ఫురిస్తుంది. టానిక్ పట్టిస్తే బిడ్డ కోలుకుంటుందని ధైర్యం చెప్పుకుంటాము. అయితే ఎంత ఇనుమిచ్చినా లొంగని రక్తహీనత ఒకటున్నది. అది అరుదైనది. దాని మూలం తెలియడానికి అరవై యేళ్లకు పైగా పట్టింది.

1936లో హ్యూ జోసెఫ్స్ అనే అమెరికన్ వైద్యుడు ఇటువంటి ఇద్దరు శిశువులను గూర్చి వ్రాశాడు. 1938లో బోస్టన్ వైద్యులు లూయీ డైమండ్, కెన్నెత్ బ్లాక్‌ఫాన్ మరి నలుగురిని వర్ణించారు. అందుచేత వ్యాధికి వారి పేర్లే స్థిరపడ్డాయి. ఆ పిల్లల మజ్జలో తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు చాలావరకు సక్రమంగానే తయారయ్యేవి. ఎర్రకణాలు మాత్రం పుట్టేవి కావు. నాడు రక్తమెక్కించడమే శరణ్యం. 1951లో స్టెరాయిడ్లు కొందరికి మేలు చేస్తాయని తెలిసింది. కారణం మాత్రం చీకటిలోనే ఉండిపోయింది.

ఆ చీకటిని ఒక రోగి క్రోమోజోములు ఛేదించాయి. ఎక్స్, 19వ క్రోమోజోముల ముక్కలు ఆ రోగిలో తారుమారై ఉన్నాయి. ఆ విరిగిన చోటును పట్టుకొని స్వీడన్ శాస్త్రజ్ఞుల బృందం 1999లో ఆర్‌పీఎస్19 జన్యువును గుర్తించింది. అది రైబోసోములోని ఒక ప్రోటీనుకు సంబంధించినది. తరువాత ఇటువంటి జన్యువులు ఇరవైకి పైగా బయటపడ్డాయి.

రైబోసోము ప్రతి కణంలోనూ ఉంటుంది గదా, మరి ఎర్రకణాలకే ఈ శిక్ష ఎందుకని మీరడగవచ్చు. రైబోసోము ప్రోటీన్లను తయారుచేసే యంత్రం. దానిలో దాదాపు ఎనభై ప్రోటీన్లుంటాయి. జన్యువు రెండు ప్రతులలో ఒకటి చెడితే రైబోసోముల ఉత్పత్తి కుంటుపడుతుంది. అప్పుడు పీ53 అనే కాపలా ప్రోటీను మేల్కొని ఎదుగుతున్న కణాన్ని ఆపివేస్తుంది. ఎర్రకణాలను తీర్చిదిద్దే గాటా1 ప్రోటీను కూడా చాలినంత తయారు కాదు. గాటా1 జన్యువే చెడినా ఇటువంటి రక్తహీనత వస్తుందని 2012లో తేలడం ఈ వాదానికి బలమిచ్చింది.

ఈ చరిత్ర వలన మనకేమి ప్రయోజనం? తలిదండ్రులలో ఒకరికి లోపముంటే ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం సగం. లోపమున్నా పైకి ఆరోగ్యంగా కనిపించేవారూ ఉంటారు. కనుక మజ్జ దానమివ్వబోయే తోబుట్టువుకు ముందుగా జన్యుపరీక్ష చేయించాలి. లేకుంటే అదే లోపాన్ని తిరిగి బిడ్డకు ఎక్కించినట్లవుతుంది.

ఏడాది నిండని పసిబిడ్డ పాలిపోతుంటే టానిక్‌తో కాలయాపన చేయకండి. రక్తపరీక్ష చేయించండి.