తేరుకొనిన బిడ్డను మరువకుడి

జబ్బుపడిన బిడ్డ లేచి ఆడుకొనుచుండగా, ఇక మందులేల అని తలిదండ్రులు తలంచుట సహజము. కాని లుకేమియా అను రక్తపు క్యాన్సరు విషయములో ఆ తలంపు ప్రాణాపాయకరము. దాని చరిత్రయే ఇందుకు సాక్ష్యము.

పూర్వము ఈ వ్యాధి వచ్చిన పిల్లలు కొన్ని వారములలోనో నెలలలోనో మరణించుచుండిరి. 1947 సంవత్సరాంతమున అమెరికాలోని బోస్టను పట్టణమందు సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు అమినాప్టెరిన్ అను మందు నిచ్చి చూచెను. ఆ మందు లెడర్లే పరిశోధనశాలలో తయారైనది. అచ్చటి పరిశోధనను నడిపినవారు 1895లో మన భీమవరమందు జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. 16 మంది పిల్లలలో 10 మందికి వ్యాధి తగ్గుముఖము పట్టెనని 1948 జూనులో ఫార్బరు ప్రకటించెను. ఎంత సంతోషము! అయితే ఆ సంతోషము నిలువలేదు. వ్యాధి తిరిగివచ్చెను. కంటికి ఆరోగ్యముగా కనబడిన బిడ్డ శరీరములో వ్యాధికణములు దాగియుండెను.

1962లో మెంఫిస్ పట్టణమున సెయింట్ జూడ్ ఆసుపత్రి తెరువబడెను. అచ్చట డోనాల్డు పింకెలు అను వైద్యుడును ఆయన తోడివారును పలు మందులను కలిపి, మెదడులో దాగిన వ్యాధికిని చికిత్స చేసి, బిడ్డ తేరుకొనిన పిమ్మటను సంవత్సరములతరబడి మందులిచ్చిరి. ఆ దశాబ్దాంతమున ఆరంభమైన చికిత్సలో దాదాపు సగముమంది స్వస్థులైరి. నేడు సంపన్న దేశములలో, పిల్లలకు తరచుగా వచ్చు రకపు లుకేమియానుండి నూటికి దాదాపు 90 మంది బ్రదుకుచున్నారు.

బ్రదికినవారు మరియొక పాఠము నేర్పిరి. తలకిచ్చిన రేడియేషను వలన కొందరికి ఎదుగుదలయు చదువును కుంటుపడెను. కొన్ని మందుల వలన ఏండ్ల తరువాత గుండె బలహీనపడెను. అందుచేత వైద్యులు రేడియేషనును చాలవరకు మానివేసిరి. స్వస్థులైనవారిని క్రమముగా పరీక్షించుట అవసరమని గ్రహించిరి.

పేద దేశములలో వ్యాధి ఆలస్యముగా తెలియుటయు, చికిత్స మధ్యలో ఆగిపోవుటయు అనేకమంది బిడ్డలను పొట్టనబెట్టుకొనుచున్నవి. 2030 నాటికి క్యాన్సరు వచ్చిన పిల్లలలో నూటికి 60 మందియైనను బ్రదుకవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సంకల్పించినది.

ఇది అంటువ్యాధి కాదు. మీ గ్రామములో ఇట్టి బిడ్డ యున్నయెడల దూరముగా నుంచకుడి. ఆసుపత్రికి పోవుటకు బస్సు చార్జీ లేని తండ్రికి చేయూతనియ్యుడి; వారు లేనప్పుడు వారి పశువులకు మేత వేయుడి. వైద్యుడు చాలునను వరకు మందులు మాన్పింపకుడి. చికిత్స కాగితములను పెట్టెలో భద్రపరచుడి. ఆ బిడ్డ పెద్దవాడై ఏ వైద్యునియొద్దకు పోయినను అవి అక్కరకు వచ్చును.