దారిబత్తెము

పథమునకు హితమైనది గనుక సంస్కృతమున పాథేయమనియు, తెలుగున దారిబత్తెమనియు వ్యవహరింపబడిన ప్రయాణపు తిండి, రైలుబండియు హోటలును లేని దినములలో బాటసారి ఆరోగ్యమునకే ఆధారమై యుండెడిది. 1830 మే 18వ తేదీన చెన్నపట్టణమునుండి పల్లకిలో కాశికి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న మరలివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్యగారు, తమ యాత్రాచరిత్రమున మజిలీ మజిలీకిని అంగళ్లను, సత్రములను, నీటివసతిని శ్రద్ధతో పేర్కొనుట ఇందువలననే.

దారిబత్తెపు మూట విప్పి చూచినచో మన పెద్దల వివేకము తేటపడును. చింతపండు పులుసును, ఉప్పును, పసుపును, నూనెయు పట్టించి, చల్లారిన పిదప అరటియాకున పొట్లము కట్టిన పులిహోర మరునాటికిని చెడదు; తడి లేని పేలపిండియు అటుకులును, బెల్లపు పాకపు అరిసెలును దినములకొలది నిలుచును. మూత మరతో బిగియుటచే బండి కుదుపులకు నీరొలుకని ఇత్తడి మరచెంబు పెక్కు ఇండ్లలో ఉండెడిది. మూటకు తోడు దారిలో దాతల ఆదరణయు ఉండెడిది: వేసవిలో చలివేంద్రమున పోయు ఉప్పు మజ్జిగ, చెమటతో పోయిన నీటిని, లవణమును దేహమునకు మరల సమకూర్చెడిది. అట్లే గోదావరీతీరమున లంకలగన్నవరములో డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళకాని వేళ వచ్చిన బాటసారికిని అన్నము వడ్డించిరి.

హైదరాబాదునుండి విశాఖపట్టణమునకు పగలెల్ల కారులో పయనించు నేటివారును, వేపుళ్లను, తీపి పానీయములను మాని, ఒక పులిహోర పొట్లమును, కొంత పలుచని మజ్జిగను వెంట గొనిపోయినచో, దేహమునకు అలసటయు తగ్గును, ఇంటి చేతివంట రుచియు దారిపొడుగున తోడుండును.