గింజలు మోసినవాళ్లం, ఏ గింజ తింటున్నాం?

సీత్లా పండుగ మరునాడు బడిలో పిల్లల్ని ఒక ప్రశ్న అడిగాం. "నిన్న అమ్మవారి దగ్గర పెట్టిన జొన్న గుగ్గిళ్లు ఎక్కడివి?" పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి ఒక పాప చెప్పింది, "దుకాణంలో కొన్నాం సార్". తండాలో ఏ చెలకలోనూ జొన్న లేదు. దేవతకు పెట్టే పిడికెడు గింజ కూడా అంగడి నుంచే వస్తోంది. ఇది ఒక్క తండా మాట కాదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల చాలా తండాల్లో ఇదే సంగతి. ఇలా ఎందుకైందో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

మన పూర్వీకులు గింజలు మోసినవాళ్లు. ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని ఊరూరూ తిరిగే ఆ వ్యాపారాన్ని మన గోర్ బోలిలో లదేణి అంటాం. మొగలుల సేనలు దక్కనుకు వచ్చినప్పుడు వాటికి తిండి చేర్చింది బంజారాలే. 1791-92లో ఆంగ్లేయులు టిప్పు సుల్తాన్ మీద యుద్ధానికి పోయినప్పుడు కూడా ధాన్యం మోసింది బంజారాల ఎడ్లే. తరువాత రోడ్లు, రైళ్లు వచ్చి లదేణి కూలిపోయింది. 1871లో ఆంగ్లేయులు చేసిన నేరస్థ జాతుల చట్టం తిరిగేవాళ్లందరినీ అనుమానంగా చూసింది. ఎడ్లను నమ్ముకున్నవాళ్లు మెల్లగా భూమిని నమ్ముకున్నారు. మనకు దొరికినవి ఎక్కువగా నీళ్లు లేని చెలకలు, గుట్టల వాలు భూములు.

ఆ చెలకలే మన తాతలకు తిండి పెట్టాయి. వానాకాలం జొన్నలో కంది సాలు వేసేవారు. పెసర, బొబ్బెర, అనుములు కలిపి చల్లేవారు. గట్ల మీద ఆముదం పెట్టేవారు. వాన వెనకబడితే ఒక పంట పోయేది, ఇంకొకటి దక్కేది. పశువుల పెంటే ఎరువు. విత్తనం ఇంట్లోనే, బూడిద కలిపి కుండలో దాచినదే. కలుపు తీయడానికి పోయిన ఆడవాళ్లు గునుగు, తుమ్మి, దొగ్గలి కూరలు కొంగులో వేసుకుని వచ్చేవారు. పొద్దున అంబలి, రాత్రి జొన్న బాటీ. దాన్ని సేంద్రియ వ్యవసాయం అని ఎవరూ అనలేదు. అది వాళ్ల బతుకు, అంతే.

ఆ రోజులన్నీ బంగారం అని మాత్రం చెప్పలేం. దొరలకు వెట్టి చేసిన రోజులు అవి. కరువు వస్తే అంబలి కూడా దొరకని రోజులు. జొన్నలు దంచి, విసిరి మన దాదీల చేతులు కాయలు కాచాయి. పాత తిండి గురించి మాట్లాడేటప్పుడు ఆ కష్టాన్ని మరచిపోకూడదు.

1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలు వరి మాగాణులయ్యాయి. మిర్యాలగూడలో రైస్ మిల్లులు వరసగా లేచాయి. సరిగ్గా ఆ కాలంలోనే ఐఆర్-8 లాంటి పొట్టి వరి రకాలు వచ్చాయి. వాటికి నీళ్లు, యూరియా, పురుగు మందు మూడూ కావాలి. కాలువ అందని పైభూముల్లో బోర్లు వేశారు. నీళ్లున్నచోట వరి, లేనిచోట పత్తి. జొన్నకు చోటు లేకుండా పోయింది.

పొలం మారడం ఒక సగం. పళ్లెం మారడం రెండో సగం. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చింది. ఆ కంట్రోల్ బియ్యం ఆకలి తీర్చింది. ఆ మేలు కాదనలేం. దంచే బాధ కూడా తప్పింది. కానీ ఇంట్లో అందరూ అన్నమే తింటున్నప్పుడు చెలకలో జొన్న ఎవరి కోసం వేయాలి? వడ్లు కొనడానికి కేంద్రాలున్నాయి, మిల్లులున్నాయి. జొన్నకు ఆ భరోసా లేదు. 2025 ఉగాది నాడు మన హుజూర్‌నగర్‌లోనే రేషన్ సన్న బియ్యం పథకం మొదలైంది. దొడ్డు బియ్యం పోయి సన్న బియ్యం వచ్చింది, మంచిదే. జొన్న మాత్రం సంచిలోకి రాలేదు. 2013లో ఆహార భద్రత చట్టం వచ్చినప్పుడు ముతక ధాన్యం కిలో ఒక రూపాయికి ఇవ్వాలని అందులో రాశారు. ఈ సంగతి మన యువకులు గ్రామసభలో అడగదగ్గది.

ఇప్పుడు మందుల మాట. పొలంలో మందు కొట్టేది ఎవరు? ఎక్కువగా మనవాళ్లే, కైకిలికి పోయి. మూతికి తువాల చుట్టుకుని డబ్బా మోస్తారు. గడ్డి మందు వచ్చాక గునుగు, తుమ్మి కూరలూ చచ్చాయి. ఒకే దెబ్బకు కలుపూ పోయింది, పేదవాడి కూరా పోయింది.

దీన్నుంచి బయటపడిన ఊళ్లున్నాయి. పాల్వంచ మండలం పునుకుల గిరిజన కుటుంబాలున్న ఊరు. పత్తికి మందులు కొట్టి అప్పులపాలైన ఆ ఊరు వేప గింజల కషాయం, పచ్చిమిర్చి-వెల్లుల్లి ద్రావణం, లింగాకర్షక బుట్టలు వాడి, 2004 నాటికి పురుగు మందు లేని ఊరుగా పేరు తెచ్చుకుంది. అందులో మహిళా సంఘాలది పెద్ద చెయ్యి. జనగామ దగ్గర ఏనబావి 2006లో ఊరు మొత్తం సేంద్రియమని ప్రకటించుకుంది.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా దళిత మహిళల సంఘాలు ఇంకో పని చేశాయి. బీడు భూములు సాగుచేయడానికి అప్పు ఇచ్చి, దాన్ని డబ్బుగా కాక జొన్నలుగా తిరిగి తీసుకున్నాయి. ఆ జొన్నలు నిల్వ చేసి ఊళ్లోని పేదలకే తక్కువ ధరకు అమ్మాయి. అంటే పండించడానికీ తినడానికీ మధ్య ముడి వేశాయి. 2019లో ఆ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలకు ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

మనకు కావలసిన పాఠం అక్కడే ఉంది. సేంద్రియ గింజ పట్నం దుకాణాల్లో డబ్బున్నవాళ్ల తిండి అయింది. మనం పండించి, వాళ్లకు అమ్మి, మళ్లీ అంగడి తిండే తింటే అది ఇంకో లదేణి. గింజ మోసేది మనం, తినేది ఇంకొకరు. ముందు మన పొయ్యి మీదికి రావాలి.

ఏం చేయగలం? అన్నం మానమని ఎవరికీ చెప్పం. వారానికి రెండు పూటలు జొన్న బాటీ చేద్దాం. ఇప్పుడు పిండి గిర్నీ ఉంది, విసిరే బాధ లేదు. పది ఇళ్లు అడిగితే పక్క రైతు అర ఎకరం జొన్న వేస్తాడు. మందు కొట్టలేదని తెలిసిన రైతు దగ్గరే కందులు, కూరగాయలు కొందాం. అట్ట మీద సేంద్రియం అని రాసినంత మాత్రాన నమ్మనక్కరలేదు. పీజీఎస్ పద్ధతిలో కనీసం ఐదుగురు రైతులు గుంపుగా చేరి ఒకరి పొలం ఒకరు చూసి ధ్రువీకరించుకోవచ్చు. ఉపాధ్యాయ మిత్రులు బడి ఆవరణలో ఒక మడి జొన్న, ఒక సాలు కంది వేయించండి. పిల్లల్ని ఇంటికి పంపి, దాది ఏ కూరలు ఏరుకొచ్చేదో పేర్లు రాసుకుని రమ్మనండి.

వచ్చే సీత్లాకు అదే ప్రశ్న మళ్లీ అడుగుతాం. ఒక్క పాపైనా "మా చెలకలోవి సార్" అంటే చాలు.